మెట్ల కింద ఇనుపపెట్టె... తాళంచెవి ఎవరి దగ్గర?

మిక్సీ కొనడానికి వెళ్తే మనం ఎన్ని ప్రశ్నలడుగుతాం! వాట్లెన్ని, జార్లెన్ని, గ్యారంటీ ఎన్నేళ్ళు, బ్లేడు మొద్దుబారితే మార్చి ఇస్తారా... షాపువాడు విసుక్కున్నా వదలం. కుక్కరు రబ్బరు దగ్గర్నుంచి పట్టుచీర జరీ దాకా పట్టి పట్టి చూడందే పైసా తియ్యం. అలాంటి మనమే కేబుళ్ళు, నెట్‌వర్కు అనేసరికి 'అవన్నీ మావారు చూసుకుంటారండీ' అని తప్పుకుంటాం.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ పనివాళ్ళు వచ్చేది ఎప్పుడు? పగలు పదకొండింటికి. ఆ వేళకి ఇంట్లో ఉండేదెవరు? మనమే. తలుపు తియ్యగానే వాళ్ళడిగే మొదటి మాట 'సార్ లేరా మేడం?' అని. లేరంటే ఇక మనతో పనిలేనట్టే గోడకి రంధ్రాలు వేసి, ఎక్కడ పడితే అక్కడ పెట్టె తగిలించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతారు. ఆ పెట్టెలో ఏముందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో మనకి తెలియదు. మన రాకపోకలు మాత్రం అందులో రికార్డవుతూ ఉంటాయి!

అపార్ట్‌మెంట్లలో, స్కూళ్ళలో, చిన్న ఆసుపత్రుల్లో ఇప్పుడు మెట్ల కింద గాజుతలుపున్న ఇనుపపెట్టె ఒకటి కనబడుతోంది. దాన్ని 'రాక్' అంటారు. 2024 చివర్లో మా అపార్ట్‌మెంటులో అలాంటిది ఒకటి పెట్టించారు. దాన్ని దగ్గరుండి బిగించే పనిని చూసుకోమని నాకూ, గ్రౌండ్‌ఫ్లోర్లో ఉండే రిటైర్డ్ టీచరుగారికీ అప్పజెప్పారు. మేం చూసినవీ, అడిగినవీ, పట్టుబట్టి సాధించినవీ మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

అసలు గొడవ ఎలా మొదలైందంటే...

మాది విజయవాడలో 20 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంటు. గేటు దగ్గరా, లిఫ్టు దగ్గరా, మెట్ల మలుపుల్లో సిసి కెమెరాలున్నాయి. వాటి రికార్డరు మెట్ల కింద ఒక చెక్కబల్ల మీద ఉండేది. దాని పక్కన రెండు మూడు చిన్న పెట్టెలు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వేలాడుతూ నాలుగైదు అడాప్టర్లు, దుమ్ము, బల్లులు! రికార్డరు మీద స్కెచ్ పెన్నుతో పాస్‌వర్డు కూడా రాసి ఉండేది. పేరు 'అడ్మిన్', పాస్‌వర్డు 12345. చీపురు పెట్టడానికి అటు వెళ్ళిన పనిమనిషికి కూడా కనబడేలా!

రెండో అంతస్తులో అద్దెకుండే ఒకమ్మాయి నర్సుగా పనిచేస్తోంది. షిఫ్టు డ్యూటీలు. ఒకరోజు రాత్రి పదకొండున్నరకి వస్తుంది, ఇంకోరోజు తెల్లవారుజామున నాలుగింటికి వెళ్తుంది. శ్రావణ శుక్రవారం పేరంటంలో తాంబూలం అందుకుంటూ ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. 'ఆంటీ, నేను ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చానో, ఎవరి బండి మీద దిగానో ఒకాయన నాకే లెక్క చెబుతున్నారు. ఆయన ఫోన్లో కెమెరాలు కనబడతాయట' అంది.

పేరంటంలో నవ్వులు ఆగిపోయాయి. ఆరా తీస్తే ఏం తేలిందంటే, ఆ కెమెరాలు ఎనిమిది ఫోన్లలో కనబడుతున్నాయి! అందులో ఒకాయన ఫ్లాటు అమ్ముకుని ఏడాది క్రితమే వెళ్ళిపోయిన పాత ట్రెజరరు. మొదటి అంతస్తు మలుపులోని కెమెరాకి ఒకరి బాల్కనీ, బట్టలు ఆరేసుకునే తీగతో సహా కనబడుతోంది. భద్రత కోసం పెట్టిన కన్ను ఆడవాళ్ళ రాకపోకలు లెక్కబెట్టడానికి పనికొస్తోందన్నమాట.

మీటింగులో ఈ మాట ఎత్తితే 'మార్చాలంటే ఖర్చండీ, చూద్దాం' అన్నారు. ఆ తర్వాత 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీట మునిగింది కదా, మా వీధిలోకీ మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. చెక్కబల్ల మీది రికార్డరు తడిసి పాడైపోయింది. ఇక కొత్తది పెట్టక తప్పలేదు. 'పగలు ఇంట్లో ఉండేది మీరే కదమ్మా, మీరే చూసుకోండి' అన్నారు సెక్రటరీగారు. మాకు కావలసిందీ అదే!

రాక్ అంటే ఇడ్లీపాత్ర లాంటిదే

రాక్ అనగానే భయపడక్కర్లేదు. ఇడ్లీపాత్రలో రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా అమరుతాయో, ఇందులో పరికరాలు అలా అమరుతాయి. ఏ కంపెనీ రేకైనా ఏ కంపెనీ పాత్రలోనైనా పట్టాలంటే కొలత ఒకటే ఉండాలిగా! ఆ కొలతను అమెరికాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎ.టి. అండ్ టి. కంపెనీ 1920ల్లోనే స్థిరపరిచింది. పరికరం ముందుభాగం వెడల్పు 19 అంగుళాలు. ఎత్తుని 'యు' అనే లెక్కలో చెబుతారు. ఒక యు అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. వందేళ్ళయినా ఆ కొలత మారలేదు.

మేం తీసుకున్నది గోడకి తగిలించే 9 యు రాక్. పైన ప్యాచ్ ప్యానెల్ 1 యు. భవనంలోని కేబుళ్ళన్నీ వచ్చి చేరే చోటు అది. దాని కింద తీగలు సర్దే పట్టీ 1 యు, స్విచ్ 1 యు. తర్వాత గాలి ఆడటానికి ఒక ఖాళీ. దాని కింద ఫైర్‌వాల్ 1 యు, మళ్ళీ ఒక ఖాళీ, రికార్డరుకి ట్రే 2 యు, కరెంటు సాకెట్ల పట్టీ 1 యు. మొత్తం 9 అయింది.

వీటిలో ఫైర్‌వాల్ అనేది కొత్తమాట. మంచి వాచ్‌మన్ ఏం చేస్తాడు? లోపలివాళ్ళు బయటికి వెళ్ళి తిరిగొస్తే రానిస్తాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి 'లోపలికి పోతా' అంటే ఆపేస్తాడు. వచ్చినవాళ్ళని పుస్తకంలో రాసుకుంటాడు. ఇంటర్నెట్ వైపునుంచి వచ్చే ప్రతి కబురుకీ ఫైర్‌వాల్ చేసే పని అదే. స్విచ్ అంటారా, లోపలి పరికరాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే కూడలి. మా స్విచ్చి నుంచి కెమెరాలకి కరెంటు కూడా ఆ నెట్‌వర్కు కేబుల్లోనే వెళ్తుంది. ఒక్కో కెమెరాకి వేరే ప్లగ్గు పెట్టే బాధ తప్పింది.

ఎక్కడ తగిలించాలి?

కుర్రాళ్ళు రాగానే పాత బల్ల ఉన్నచోటే గోడకి గురుతు పెట్టేశారు. 'ఆగు నాయనా, మొన్న నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ మరక చూడు' అన్నారు టీచరుగారు. పెట్టె అడుగుభాగం నేలకి ఐదడుగుల ఎత్తున ఉండాలన్నాం. పైన నీళ్ళ పైపు వెళ్తోందా అని చూశాం. వెళ్తోంది! పక్కగోడకి మార్పించాం. కరెంటు మీటర్ల బోర్డుకి దూరంగా, ఎండా వానా తగలకుండా, తలుపు పూర్తిగా తెరుచుకునేలా ఉండాలి. గోడ ఇటుకదా, బోలు దిమ్మెలదా అన్నది కూడా ముఖ్యమే. బరువుని బట్టి, గోడని బట్టి తగిన ఫాస్టెనర్లు వేయాలి. మామూలు ప్లాస్టిక్ గట్టాలు కొట్టి వదిలేస్తే ఎప్పుడో ఒకరోజు పెట్టె కిందికొస్తుంది. మెట్ల కింద పిల్లలు దాగుడుమూతలాడుకుంటారని మరిచిపోకండి.

యుపిఎస్ బరువైనది. దాన్ని గోడపెట్టెలో ఇరికించకుండా కింద ఎత్తయిన ఇనుపస్టాండు చేయించి పెట్టించాం. పెట్టెకి ఎర్త్ తీగ కలపడం మాత్రం మరవకూడదు. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచి, ముందు ఎర్తింగ్ సరిగా ఉందా అని చూపించాకే పరికరాలు పెట్టనిచ్చాం. ఉరుములూ మెరుపుల ఊళ్ళో ఇది చాదస్తం కాదు.

జాకెట్టు హుక్కులాగే...

రాక్ స్తంభాలకి నిలువునా చదరపు రంధ్రాలుంటాయి. ఒక్కో యు కి మూడు. వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. రెండు యు ల మధ్య ఉండే దూరం కాస్త తక్కువ. ఆ రంధ్రాల్లో 'కేజ్ నట్' అనే చిన్న పంజరం లాంటి మరబిళ్ళ దూర్చి, దానికి స్క్రూ బిగిస్తారు. జాకెట్టుకి మొదటి హుక్కు పక్క కాజాలో పెడితే ఏమవుతుంది? చివరిదాకా అన్నీ తప్పుతాయి. ఇక్కడా అంతే. మొదటి పరికరం ఒక రంధ్రం కిందికో పైకో బిగిస్తే కిందివన్నీ చెదిరిపోయి, ఆఖరిది పట్టదు. అందుకే ముందుగా స్తంభం మీద చాక్‌పీసుతో గీతలు పెట్టుకుని మొదలుపెట్టమన్నాం. పరికరం బిగించేటప్పుడు ఒకరు కింద ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు స్క్రూలు వెయ్యాలి. ఒక్కడే చేస్తానని ఎవరైనా ఉత్సాహపడితే వద్దనండి. స్క్రూలు నాలుగూ వదులుగా పెట్టాక, అప్పుడు ఒక్కొక్కటి బిగించాలి.

గిల్టు తీగ, రాగి తీగ

నెట్‌వర్కు కేబుల్లో ఎనిమిది సన్నటి తీగలుంటాయి. రెండేసి చొప్పున నాలుగు జతలు, జడ అల్లినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలిక అందం కోసం కాదు. బయటి కరెంటు ప్రభావం మాటల్ని చెడగొట్టకుండా ఉండటానికి. అందుకే కొన విప్పేటప్పుడు అర అంగుళం మించి మెలిక విప్పకూడదు. రంగుల వరసకి ఒక పద్ధతుంది. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనల్లోనూ ఇదే వరస ఉండాలి. ఒక కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు.

బజార్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు కూడా అమ్ముతారు. చవక. చూడటానికి రాగిలాగే మెరుస్తాయి. గిల్టు నగలన్నమాట! చిన్న ముక్క కోసి తీగని కత్తితో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. కెమెరాకి కరెంటు కూడా అదే తీగలో వెళ్తుంది కాబట్టి ఇలాంటివి వేడెక్కుతాయి, తొందరగా తెగుతాయి. మేం బండిల్ విప్పగానే గీరి చూశాం. కుర్రాళ్ళు మా వంక వింతగా చూశారు, కానీ ఆ తర్వాత 'సార్ లేరా' అని అడగలేదు.

ఊరగాయ జాడీకి చీటీ అంటించుకునే మనకి కేబుళ్ళకి చీటీలు ఎందుకో చెప్పనక్కర్లేదు. ప్రతి కేబుల్‌కి రెండు కొనలా ఒకే నంబరు. 'గేటు-1', 'లిఫ్టు-2', 'టెర్రస్-1' అని. ఆ జాబితా ఒక కాగితం మీద రాసి పెట్టె తలుపు లోపలివైపు అంటించాం. కరెంటు తీగలూ, ఈ తీగలూ ఒకే గొట్టంలో వెయ్యనివ్వలేదు. ఇంటర్నెట్ తెచ్చే సన్నటి ఫైబర్ తీగని మడత పెట్టకూడదు, చుట్ట పెద్దదిగా ఉంచాలి. దాని కొనలోకి కన్ను పెట్టి చూడకూడదు కూడా.

నెలకి సరిపడా సరుకులెక్క

కొటేషన్లో రికార్డరు డిస్కు 4 టెరాబైట్లని రాశారు. '30 రోజుల రికార్డింగు వస్తుంది మేడం' అన్నారు. సరే, లెక్క వేద్దామన్నాను. మావి 14 కెమెరాలు. ఒక్కోటి సెకనుకి 2 మెగాబిట్లు పంపుతుందని ఆ కుర్రాళ్ళే చెప్పారు. అంటే రోజుకి ఒక్కో కెమెరాకి 21.6 గిగాబైట్లు. 14 కెమెరాలకి సుమారు 300. నెలకి 9 టెరాబైట్లు! 4 టెరాబైట్లు పదమూడు రోజులకే అయిపోతుంది. ఆ తర్వాత పాతవి చెరిపేసుకుంటూ పోతుంది. నెలకి ఎన్ని కిలోల బియ్యం పడతాయో తెలిసిన ఇల్లాలికి ఇది కష్టమైన లెక్కా? 10 టెరాబైట్ల డిస్కు వేయించాం.

ఈ 30 రోజుల లెక్క ఊరికే రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల సిసి కెమెరాలు పెట్టి, రికార్డింగు 30 రోజులు దాచాలంది. మన ఇళ్ళ సముదాయాలకీ అది మంచి కొలత. గొలుసు పోయిందనో, బండి పోయిందనో ఊరెళ్ళొచ్చాక చూసుకునేవాళ్ళుంటారు కదా.

పాస్‌వర్డు మార్చందే పచ్చజెండా లేదు

బిగించడం ఒకరోజు పని. అసలు సంగతి రెండోరోజు మొదలైంది. లాప్‌టాప్‌ని ఫైర్‌వాల్‌కి కలిపి, 192.168.1.1 అనే అంకెలు కొడితే దాని లోపలి తెర వచ్చింది. పరికరం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దానికి ఒక పాస్‌వర్డు ఉంటుంది. అది ప్రపంచంలో అందరికీ తెలిసిందే. దాన్ని మార్చకుండా ఇంటర్నెట్‌కి కలపడమంటే, పెద్ద తాళంకప్ప వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టి ఊరెళ్ళడమే.

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాం ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అది చేసిందల్లా, ఇళ్ళలోని కెమెరాలకీ, రికార్డర్లకీ, రూటర్లకీ వెళ్ళి ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై దాకా ఒక్కొక్కటే కొట్టి చూడటం. మార్చనివాళ్ళ పరికరాలు లక్షల్లో దొరికిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటన్నిటితో ఒక్కసారిగా దాడి చేయిస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగిపోయాయి. ఆ కెమెరాల యజమానులకి తమ కెమెరా ఆ పనిలో ఉందనే తెలియదు. దాన్ని తయారుచేసిన ముగ్గురు కుర్రాళ్ళు 2017లో నేరం ఒప్పుకున్నారు.

మన ప్రభుత్వం కూడా సిసి కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024లో నిబంధనలు తెచ్చి, 2025 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టింది. కొత్తవి కొనేవాళ్ళు ఆ సర్టిఫికెట్టు చూపించమని అడగండి.

పాస్‌వర్డు మార్చాక కంపెనీవాళ్ళ తాజా సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. తేదీ, టైము భారత కాలానికి సరిచేశారు. ఇది చిన్న విషయమనుకోకండి. రికార్డింగులో టైము తప్పుంటే రేపు పోలీసులకిచ్చినా సాక్ష్యంగా నిలవడం కష్టం. తర్వాత నెట్‌వర్కుని గదులుగా విడగొట్టారు. కెమెరాలు ఒక గది, ఆఫీసు కంప్యూటరు ఒక గది, కమ్యూనిటీ హాల్లో చుట్టాలు వాడుకునే వైఫై ఒక గది. పెళ్ళికొచ్చిన కుర్రాడు వైఫై కలుపుకుంటే వాడికి కెమెరాల గది తలుపే కనబడదు. కెమెరాలు తమంతట తాము ఇంటర్నెట్‌కి వెళ్ళే దారి కూడా మూయించాం. బయటినుంచి చూడాల్సినవాళ్ళు విపిఎన్ అనే రహస్యదారిలోనే, తమ పేరుతో, తమ పాస్‌వర్డుతో రావాలి.

'తెలిసినవాళ్ళకి ఇంటితాళాలిస్తామా?'

ఇక్కడే చిక్కొచ్చింది. అంతా అయ్యాక ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు తమకో శాశ్వత లాగిన్ ఉంచుకుంటామన్నారు. 'సర్వీసుకి అవసరం మేడం. ఫోన్ చేస్తే మా ఆఫీసునుంచే సరిచేసేస్తాం. అన్ని అపార్ట్‌మెంట్లలోనూ అంతే' అన్నారు. సెక్రటరీగారు కూడా 'ఎందుకండీ అంత పట్టింపు, తెలిసిన కుర్రాళ్ళే గదా' అన్నారు.

టీచరుగారు మెత్తగానే అన్నారు. 'వంటగ్యాసు అబ్బాయీ తెలిసినవాడే, పాలబ్బాయీ తెలిసినవాడే. అందరికీ ఇంటితాళాలిచ్చి ఉంచుతామా నాయనా? పని పడ్డప్పుడు పిలుస్తాం, తలుపు తీస్తాం, పనయ్యాక వేసుకుంటాం.'

వాదన గంటసేపు సాగింది. వారంటీ చెల్లదేమోనన్నారొకరు. కాగితాలు తీసి చదివాం, అలాంటి షరతేమీ లేదు. చివరికి మాకు కావలసినట్టే రాసుకున్నాం. వాళ్ళ లాగిన్ మూసి ఉంటుంది. అవసరమైన రోజు మేం తెరుస్తాం, సాయంత్రానికి మూసేస్తాం.

తర్వాత ఎవరు చూడాలన్న ప్రశ్న. ఎనిమిది ఫోన్ల సంగతి అప్పుడు మళ్ళీ పైకొచ్చింది. ఈసారి పేరంటంలో కాదు, నిండు మీటింగులో! నర్సమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. తన మాట తనే చెప్పింది. 'గేటు కెమెరా నా రక్షణ కోసమే కదా అనుకున్నాను. దాన్ని చూసి నన్నే అడుగుతుంటే రాత్రి డ్యూటీ అంటే భయమేస్తోంది' అంది. ఎవరూ మాట్లాడలేదు.

తీర్మానం ఇలా చేశాం. లైవుగా చూసేది గేటు దగ్గర వాచ్‌మన్ తెర ఒక్కటే, అదీ గేటూ పార్కింగూ మాత్రమే. పాత రికార్డింగు చూడాలంటే ఇద్దరు కలిసి చూడాలి, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషై ఉండాలి. ఎవరడిగారు, ఏ తేదీది, ఎందుకు అన్నది రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. అడ్మిన్ పాస్‌వర్డు కాగితం సీలు వేసిన కవరులో. కమిటీ మారిన రోజే పాస్‌వర్డూ మారాలి. బాల్కనీ కనబడే కెమెరాలో ఆ భాగం మీద నల్లటి ముసుగు పెట్టించాం. ఆ సదుపాయం చాలా కెమెరాల్లో ఉంటుంది. అడగాలంతే.

చట్టం మాట కూడా చెప్పాను. ఒకరి ఒంటిని, వారి ఏకాంతాన్ని అనుమతి లేకుండా చిత్రీకరిస్తే ఐటి చట్టం 66-ఇ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. ఆడవాళ్ళని చాటుగా చూసి చిత్రించడం 2013లో నిర్భయ తర్వాత వచ్చిన సవరణతో ప్రత్యేక నేరమైంది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. ఆన్‌లైన్ నేరాలకి 1930 నంబరుకి ఫోన్ చేయవచ్చు.

కరెంటు తీసి చూపించమన్నాం

డబ్బు చెల్లించే ముందు మూడు పరీక్షలు పెట్టించాం. మొదటిది, మెయిన్ స్విచ్చి ఆపడం. యుపిఎస్ మీద అన్నీ 25 నిమిషాలు నడిచాయి. ఈలోపు జనరేటరు అందుకుంటుంది కాబట్టి చాలు. రెండోది, మొత్తం ఆపి మళ్ళీ వేయడం. పెట్టిన అమరికలన్నీ అలాగే ఉన్నాయా అని చూశాం. మూడోది, ఒకే కేబుల్ రెండు కొనలూ స్విచ్చిలోనే గుచ్చడం. సర్దేటప్పుడు ఎవరైనా ఇలా గుచ్చితే కబుర్లు గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్కంతా స్తంభించిపోతుంది. మా స్విచ్చి ఆ దారిని తనే మూసేసి, మిగతాదంతా యథావిధిగా నడిపింది.

ఆ ఉపాయం కనిపెట్టింది ఎవరనుకున్నారు? రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తూ 1985లో ఈ 'స్పానింగ్ ట్రీ' పద్ధతిని రూపొందించారు. నెట్‌వర్కు పరికరాలకి పేరుపడ్డ సిస్కో కంపెనీని 1984లో స్థాపించిన ఇద్దరిలో ఒకరు శాండీ లెర్నర్, ఆవిడా మహిళే. 'ఇవన్నీ మగవాళ్ళ పనులండీ' అనేవాళ్ళకి ఈ ఇద్దరి పేర్లు చెప్పండి!

అమరికలన్నీ ఒక పెన్‌డ్రైవులో కాపీ చేయించి కవర్లో పెట్టాం. రేపు పరికరం పాడైతే కొత్తదానికి అవే ఎక్కించుకోవచ్చు.

రిజిస్టరు నెగ్గింది

పెట్టిన రెండు నెలలకి ఒకాయన వచ్చి ఫలానా రాత్రి రికార్డింగు చూడాలన్నారు. రిజిస్టరు ముందు పెట్టాం. పేరు రాశారు, తేదీ రాశారు. 'కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపు కూర్చుని, 'తర్వాత వస్తాలెండి' అని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆ వారంలోనే పార్కింగులో స్కూటరు అద్దం విరిగిందని ఇంకొకరొచ్చారు. కారణం రాశారు, చూశారు, పది నిమిషాల్లో సంగతి తేలింది. కావలసినవాళ్ళకి పని జరిగింది, అక్కర్లేని ఆసక్తికి అడ్డుకట్ట పడింది. నర్సమ్మాయి ఫ్లాటు ఖాళీ చేద్దామనుకున్నదల్లా ఇంకో ఏడాదికి అగ్రిమెంటు రాసుకుంది.

ఇంతా చేసి, పెట్టేసి మరిచిపోతే లాభం లేదు. మీ అపార్ట్‌మెంటులోనో, పిల్లల స్కూల్లోనో ఇలాంటి పెట్టె ఉంటే ఇవి అడగండి:

• ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చారా? ఇప్పుడు ఎంతమంది దగ్గరుంది? వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు తీసేశారా?

• ఇన్‌స్టాల్ చేసినవాళ్ళకి బయటినుంచి వచ్చే దారి తెరిచే ఉందా?

• కెమెరాల్లో ఎవరి కిటికీ, ఎవరి బాల్కనీ, ఏ బాత్‌రూము దారి కనబడుతున్నాయి? తెర ముందు కూర్చుని ఒక్కొక్కటీ మీరే చూడండి.

• రికార్డింగు నిజంగా ఎన్ని రోజులది ఉంది? నెలకోసారి పాత తేదీ ఒకటి తెరిచి చూడండి.

• సాఫ్ట్‌వేర్ మూడు నెలలకోసారి తాజా చేస్తున్నారా?

• యుపిఎస్ బ్యాటరీ పెట్టి ఎన్నేళ్ళయింది? మూడేళ్ళు దాటితే పరీక్ష చేయించండి.

• పెట్టెలో దుమ్ము దులుపుతున్నారా? ఫ్యాను తిరుగుతోందా? తాళం వేసి ఉందా?

ఈ ప్రశ్నలకి ఇంజినీరింగు చదవక్కర్లేదు. మిక్సీ కొనేటప్పుడు అడిగే ధైర్యం ఉంటే చాలు. జవాబు చెప్పలేక ఎవరైనా 'సార్‌తో మాట్లాడతాం మేడం' అంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, 'నాతోనే చెప్పు బాబూ, వింటాను' అనండి.